రాలిన ఆకు చేసే పని

చార్‌ధామ్ యాత్రలో ముస్సోరీ మీదుగా యమునోత్రికి వెళ్లే మనవాళ్లు బాంజ్ చెట్లను దాటుకునే వెళ్తారు. సుమారు 1,500 నుంచి 2,200 మీటర్ల ఎత్తున కొండవాలుల్లో పెరిగే ఓక్ చెట్టు అది. ఆకు పైన ముదురాకుపచ్చ, అడుగున తెల్లని నూగు. ఏ ఋతువులోనూ మోడుగా కనిపించదు. అయితే ఒక్కో ఆకు ఆయుష్షు దాదాపు ఏడాదే. వసంతంలో కొత్త చిగురు తొడిగే వేళకే పాతాకు రాలిపోతుంది.

యోగసూత్రాల చివరి పాదానికి భాష్యం రాస్తూ వ్యాసుడు నిత్యత రెండు విధాలన్నాడు. మార్పే సోకని పురుషుడిది కూటస్థ నిత్యత. మారుతూనే తత్త్వం చెడని గుణాలది పరిణామి నిత్యత. బాంజ్ పచ్చదనం రెండో కోవది. సాధకుడి నిష్ఠా అంతే. నిన్నటి జపం నిన్ననే రాలింది. ఇవాళ్టిది ఇవాళ చిగురించాలి. మనసు ఒకసారి నిలిచింది కాబట్టి ఇక కదలదని మురిసేవారు, గుణమయమైన చిత్తానికి పురుషుడి లక్షణం అంటగడుతున్నారు.

మరి రాలినదంతా వ్యర్థమా? ముస్సోరీ కొండల్లో చాలాచోట్ల సున్నపురాయి. వాననీరు బీటల్లోంచి ఇట్టే జారిపోయే నేల. బాంజ్ కింద రాలిన ఆకు కుళ్లి, మెత్తటి పొరగా పేరుకుని, వాన ఉరవడిని ఆపి, నీటిని మెల్లగా లోపలికి వదులుతుంది. కుళ్లే ఆకు నుంచీ వేళ్ల నుంచీ వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ నీటిలో కలిసి పలుచని ఆమ్లమవుతుంది. సున్నపురాయి కరిగేది దానికే. రాతిలో దారులు పడతాయి, కింది పల్లెలో ఊట వేసవిలోనూ పారుతుంది.

వృత్తి వల్ల సంస్కారం, సంస్కారం వల్ల వృత్తి అంటుంది యోగశాస్త్రం. చేసి మరచిన జపమే సంస్కారమై అడుగున పేరుకుంటుంది. లోపలి రాయిని కరిగించేది అదేగాని, ఇవాళ నోట ఆడుతున్న మంత్రం కాదని నా అభిప్రాయం. (మంత్రశాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు.)

కొండపల్లెల్లో పశువుల మేతకు బాంజ్ కొమ్మలు నరుకుతారు. మితంగా నరికితే ఇబ్బంది లేదు, మళ్లీ చిగురిస్తుంది. పదేపదే నరికితే చెట్టు బతికే ఉంటుంది, పచ్చగానే కనిపిస్తుంది, కాని నేలకు రాలడానికి ఆకు మిగలదు. కోటి జపం పూర్తయిందని శాలువా కప్పించుకుని, ఆ ఫోటో పదిమందికీ పంపేవారి సాధన కూడా ఇలాగే చేసినచోటే ఖర్చయిపోతుందేమో. మంత్రాన్నీ జపసంఖ్యనూ గుప్తంగా ఉంచమని గురువులు పెట్టిన నియమానికి కారణం ఇటువైపు వెతకాలనిపిస్తుంది.