రెండు వ్యాధులు, ఒక్క దేహము



రోగి పూర్తిగా నయమైతేనే మన పరామర్శకు విలువ ఉన్నదా? చెన్నైలో స్థిరపడిన మన కుటుంబములలోనూ ఏండ్ల తరబడి మందులతో బ్రతుకుచున్నవారున్నారు గనుక ఈ ప్రశ్నను మనము ఆలోచించవలెను.

రుమటాయిడ్ కీళ్లవాతమునే తీసుకొందాము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తి తన కీళ్లమీదికే తిరుగుతుంది. దానితోపాటు చాలామందికి రక్తహీనత కూడా వస్తుంది. కీళ్లకు ఇచ్చే మెథోట్రెక్సేట్ ఆ రక్షణశక్తిని అణచుతుంది; అయితే రక్తకణాలను కూడా తగ్గించవచ్చును. అందుచేత వైద్యులు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, రక్తపరీక్షలు చేయిస్తుంటారు. ఒక బాధను అణచబోతే మరొకటి తలెత్తవచ్చును. ఇక్కడ గెలుపనగా సమతూకము నిలుపుకొనుటయే.

ఈ రెండు మందుల చరిత్రలోనూ ఒక తెలుగువాడున్నారు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మన ఊరి మద్రాసు మెడికల్ కాలేజీలోనే చదివారు. రక్తహీనతను కూడా కలిగించే స్ప్రూ అను వ్యాధితో ఆయన సోదరులు మరణించారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందము ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి 1945లో ప్రకటించింది. దాని పనిని అడ్డగించే మెథోట్రెక్సేట్ కూడా అక్కడినుండే వచ్చింది. ఆయన 1948లో కన్నుమూశారు. కీళ్లవాతమునకు ఆ మందును అమెరికా అనుమతించినది 1988లో.

అంత ఓపికతో వచ్చిన మందు వాడుచున్నవారిని మనము ఏమని పలకరించుచున్నాము? "ఇంకా తగ్గలేదా?" అంటాము. "ఎవరి పాపమో" అని చాటున అనుకొంటాము. "నమ్మకముంటే మాత్రలెందుకు?" అనేవారూ ఉన్నారు. ఈ మాటలు నొప్పికి నిందను జోడించును. పైకి బాగానే కనబడే మనిషి ఆ ఉదయము చొక్కా గుండీలు పెట్టుకొనుటకే అలసిపోయి ఉండవచ్చును.

మనము చేయగలిగినవి చిన్నవే. మెథోట్రెక్సేట్ కీళ్లవాతమునకు వారమునకు ఒక్కరోజే. పొరపాటున ప్రతిరోజూ వేసికొంటే ప్రాణాపాయము. ఆ రోజేదో ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. అరవము సరిగా రాని పెద్దవారితో ఆసుపత్రికి వెళ్లి, డాక్టరుగారి మాట తెలుగులో చెప్పవచ్చును. సొంతముగా మందు మానవద్దని హెచ్చరించవచ్చును.

నయము చేయుట మన చేతిలో లేదు. నయము కాని మనిషిని విడిచిపెట్టకుండుట మాత్రము మన చేతిలోనే ఉన్నది. మన పరామర్శకు ఆ విలువ చాలును.