ఒక్కపొద్దు బీరు

మా అమ్మకు శనివారం ఒక్కపొద్దు. పగలు అన్నం తింటుంది, రాత్రి ముట్టదు. ఆ రాత్రి వరంగల్‌లోని మా ఇంట్లో గోధుమరవ్వ ఉప్మా. ఉల్లిగడ్డ ఉండేది కాదు గానీ అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి, నెయ్యి, గుప్పెడు పల్లీలు అన్నీ ఉండేవి. వారమంతా పప్పుచారు తిన్న పిల్లలం శనివారం కోసం కాచుకొని ఉండేవాళ్లం. “ఇది ఉపాసమా, పండుగా?” అని నాన్న నవ్వితే అమ్మది ఒకటే జవాబు: “అన్నమైతే కాదు గద.”

ఆ జవాబే మ్యూనిక్‌లో మళ్లీ ఎదురైంది. ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు. ఈస్టర్ ముందరి ఉపవాస దినాల్లో ఈ ఊళ్లో ఘాటు బీరు తాగుతారు. అందులో పేరుమోసింది సాల్వేటర్. లాటిన్‌లో ‘రక్షకుడు’ అని అర్థం. ఆల్కహాల్ 7.9 శాతం. ఇంత మత్తున్న దానికి దేవుడి పేరేమిటా అనుకున్నాను. దాన్ని మొదట కాచింది సన్యాసులట. ఇటలీలోని పావోలా ఊరి ఫ్రాన్సిస్ స్థాపించిన సంఘం వాళ్లు 1627లో ఇక్కడి మఠంలో చేరారు. వాళ్లకు మాంసం, గుడ్లు, పాలు, వెన్న ఏడాది పొడుగునా నిషిద్ధం. 1634లో ఊరి బీరు వ్యాపారులు మఠం బీరు మీద నగరసభకు ఫిర్యాదు చేశారు. ఆ సన్యాసులు బీరు కాచేవారనడానికి దొరికే పాత ఆధారం ఆ కాగితమే. పుణ్యాత్ముల చరిత్ర పోటీదారుల ఫిర్యాదులో మిగిలింది!

తాగేది ఉపవాసాన్ని చెడగొట్టదని చర్చి నియమం. 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ ఈ సంగతి చర్చించాడు. అయితే ఒక మెలిక పెట్టాడు: మితిమీరి తాగితే ఉపవాసం చెడకపోయినా దాని పుణ్యం పోవచ్చు. అమ్మ ఉప్మాకూ ఈ మెలిక వర్తిస్తుందేమో. ఆమె తినేది అరచెంచాడు నెయ్యితో ఒక గరిటె. పండుగ చేసుకున్నది మేమే.

ఒక మార్చి సాయంత్రం అర లీటరు సీసాలు తెచ్చాను. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే చల్లదనం తప్ప ఏమీ తెలియదు. పావుగంట బయట ఉంచాలి. గ్లాసులో పోస్తే ముదురు బెల్లం పాకం రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెనం మీద అంచు మాడిన జొన్నరొట్టె. మొదటి గుక్కకు నాలుక కొసన తీపి, వెనకాలే వేగిన గింజల కమ్మదనం, మింగాక గొంతులో సన్నటి చేదు, ఛాతీలో వెచ్చదనం. గ్లాసు గది వేడికి వచ్చేకొద్దీ ఎండు ఖర్జూరం బయటపడింది. ఇదంతా నాకు తెలిసిన వాసనే. అమ్మ రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి మరకు పంపేది. రాగి మాల్టయినా బార్లీ మాల్టయినా చేసే పని అదే. ఒకటి జావ అయింది, ఇంకొకటి పులిసింది.

ఇలా రుచి వెతుక్కోవడం గాంధీ ఒప్పడు. 1930లో యరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన ఉత్తరాల్లో అస్వాద వ్రతం గురించి చెప్పాడు: తిండిని మందులా తీసుకోవాలి, రుచి చూడకూడదు. తిండి మానినా రుచి మీది ఆశ మిగులుతుందని గీత రెండో అధ్యాయం హెచ్చరిక. ఇంకోవైపు మా వీధి చివరి పోచమ్మకు బోనాలనాడు కల్లు సాక పోసేవాళ్లు. ఆమెకు అస్వాదం లేదు. అమ్మ ఆమెకూ దండం పెట్టేది.

నాకు గాంధీతో పేచీ ఉంది. ఆ గ్లాసు ముందు ముప్పావు గంట కూర్చున్నాను. అంతసేపు ఫోను ముట్టలేదు, ఇంకోటి కావాలనిపించలేదు. రెండో సీసా తెరిచింది తర్వాత, బుద్ధి తక్కువై. అందులో ఖర్జూరమూ లేదు, రొట్టె అంచూ లేదు. తాగింది నాలుక కాదు, చెయ్యి. గీత అన్న ఆశ మొదటి గ్లాసులో నాకు కనిపించలేదు, రెండోదాంట్లో రుచి కనిపించలేదు. రెంటినీ ఒకే గాట కట్టడం నాకు ఒప్పుదల కాదు. అలాగని ఆ ముప్పావు గంటను పూజ అనను, అది అబద్ధం.

ఆదివారం అమ్మకు ఫోన్లో సన్యాసుల కథ చెప్పాను, నా సీసాల సంగతి దాచి. “అన్నమైతే కాదు గద” అంటుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, “గా సాములు కడుపు కాలి తాగిండ్రు. కడుపు నిండినోడు తాగితె ఒక్కపొద్దెట్లయితది బిడ్డా?” అంది.

ఈ మార్చిలో ఒక్క సీసానే కొన్నాను. శనివారం తాగలేదు.