డర్బన్‌కు పట్టిన కొలత

అమ్మడూ,

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద కాలేజీకి వ్యాసం రాస్తున్నానన్నావు. మంచిదే. అయితే దాన్ని పరాయి దేశం కథలా రాయకు. 1860 నుంచి 1911 దాకా అక్కడి నేటాల్‌కు తీసుకుపోయిన 1,52,000 మంది ఒప్పంద కూలీల్లో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. గడువు తీరాక అక్కడే బతుకుతామన్నవాళ్లమీద 1895 చట్టం ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు. కొత్తగా వచ్చిన కూలీకి ఆర్నెల్ల కష్టం. తర్వాత పదమూడేళ్లు నిండిన ఆడపిల్లలనూ కట్టమన్నారు. 1913 సమ్మె జరిగాక గానీ ఆ పన్ను పోలేదు. 1950లో ఇంకో చట్టం వచ్చి, ఏ రంగువాళ్లు ఏ పేటలో ఉండాలో గీతలు గీసింది. ఇవి చదువుతుంటే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. నేననేదల్లా, అక్కడ పట్టిన కొలతే ఇక్కడా పట్టమని.

వంగర మండలం లక్ష్మీపేట సంగతి చూడు. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు సేకరించిన భూమిలో మునగకుండా మిగిలినదాంట్లో సుమారు 60 ఎకరాలను దళితులు సాగు చేసుకునేవారు. 2012 జూన్ 12న వాళ్లమీద పడి అయిదుగురిని చంపారు. అది భూతగాదా, కులాన్ని లాగకండి అన్నవాళ్లున్నారు. భూతగాదానే, కాదనను. కానీ సర్కారు భూమిలో ఎవరు నాగలి పెడితే ఊరు ఓర్చుకోలేకపోయింది? మీద పడ్డవాళ్లది కూడా సర్కారు జాబితాలో వెనుకబడిన కులమే. పైవాళ్ల చేత చిన్నచూపు పడ్డంతమాత్రాన కిందివాళ్లను సమానంగా చూడటం దానంతటదే రాదు. ఈ మాట నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది.

కులం వేరు, జాతి వేరు అని బాగా చదువుకున్నవాళ్లే వాదిస్తారు. 2001లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు ఆ నేటాల్‌లోని డర్బన్‌లోనే జరిగింది. మన ప్రభుత్వం అక్కడ చెప్పిందీ ఇదే. దళిత సంఘాలు ఒప్పుకోలేదు. తేడా లేకపోలేదు. రంగు కంటికి కనబడుతుంది, కులాన్ని ఆరా తీయాలి. ఇంటిపేరేమిటి, ఏ వీధి మీది అని అడిగి, తెలుసుకుని మరీ దూరం పెడుతున్నామంటే, మన వివక్షకు కంటిచూపు సాకు కూడా లేదన్నమాట. పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ చేరుతుందని 2002లో సమితి కమిటీ తేల్చింది.

చట్టాలున్నాయిగా అంటారు. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన పదిహేడో అధికరణం, 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నాయి. వాటిని తక్కువ చేయకు, అవి లేకపోతే బాధితులు కోర్టు మెట్టు ఎక్కడమే గగనం. కానీ 1991 నాటి చుండూరు దళితుల హత్యలకు శిక్షలు పడింది 2007లో. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. దక్షిణాఫ్రికాలోనూ 1994లో అందరికీ ఓటు వచ్చింది, సాగుభూమి మాత్రం ఇప్పటికీ చాలావరకు తెల్లవాళ్లదే.

కాబట్టి డర్బన్ పక్కనే లక్ష్మీపేటనూ రాయి. వంగర ఇప్పుడు మన విజయనగరం జిల్లాలోనే ఉంది. ఆ వైపు నుంచి వచ్చే పిల్లలు మీ కాలేజీలో ఉంటారు. వాళ్లు చెప్పడానికి ఇష్టపడితే ముందు అది విను, పుస్తకాలు తర్వాత. అంశం దాటిపోయావని మాస్టారంటే, దాటలేదని నెమ్మదిగా చెప్పు.

మీ తాతయ్య