తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ వాళ్ళ అమ్మమ్మను, అంటే మా అమ్మను, కారులో వెంటబెట్టుకొచ్చాడు. నేను వంటింట్లో అరిసెల పాకం చూసుకుంటూంటే వాడు వసారాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పండగపూట ఆఫీసు పనేమిట్రా అంటే, "చిన్న నిర్ణయం పిన్నీ, తేల్చేసి లేస్తాను" అన్నాడు. ఆ చిన్న నిర్ణయం కనుమ వెళ్ళినా తేలలేదు.

సంగతేమిటంటే, ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు, మందుల లెక్కలు, బిల్లులు అన్నీ నడిపే కంప్యూటరు ప్రోగ్రాము పాతబడిపోయింది. దాన్ని తీసేసి ఒక్క రాత్రిలో కొత్తది పెట్టడమా? పాతదాన్ని నడుపుతూనే ఒక్కో భాగం మార్చుకుంటూ రావడమా? వాడు గళ్ళు గీసి పట్టిక వేశాడు. ఖర్చుకు ఇన్ని మార్కులు, వేగానికి ఇన్ని, భద్రతకు ఇన్ని. అన్నీ కూడితే మొత్తం మార్చెయ్యడానికి 78, కొంచెం కొంచెంగా మార్చడానికి 74 వచ్చాయి.

"మరింకేం? 78కే ఓటెయ్యి" అన్నాను, చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం లెక్క నాకూ వచ్చునని.

వాడు తల గోక్కున్నాడు. "మొదటిసారి కూడినప్పుడు దీనికి 71 వచ్చింది పిన్నీ. కొత్తది కట్టడమంటే నాకు సరదా. అందుకని వేగానికి కాస్త బరువు పెంచాను."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. ఎందుకాగిందో చివర్లో చెబుతాను.

ఆ గళ్ళపట్టిక మనకేమీ కొత్త కాదండీ. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు పురోహితుడు గారు వేసేది అదే. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8. మొత్తం 36 గుణాలు. 18 దాటితే ఫరవాలేదంటారు. జాతకాల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి. పద్ధతి మటుకు మావాడు ల్యాప్‌టాప్‌లో వేసిన పద్ధతే. ఏది ఎంత ముఖ్యమో ముందే బరువు కట్టడం, మార్కులు వెయ్యడం, కూడటం.

కాని ఆ పాత పట్టికలో ఒక కిటుకుంది, గమనించారా? మిగతావన్నీ కుదిరి, నాడి దగ్గర సున్నా పడితే చాలామంది పెద్దలు ఆ సంబంధం వదిలేస్తారు. అక్కడ కూడికలు పనిచెయ్యవు. ఒకచోట లోటును మరోచోట ఎక్కువతో పూడ్చుకునే వీల్లేని విషయాలు కొన్ని ఉంటాయన్నమాట. మావాడికి ఈ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు. అర్ధరాత్రి కొత్త ప్రోగ్రాము తడబడి ఒక రోగికి ఇవ్వాల్సిన మందు మరొకరి పేరు మీద చూపిస్తే? "వేగంలో మాకు మంచి మార్కులొచ్చాయండీ" అని ఆ రోగి భార్యకు చెప్పగలడా? అతని పట్టికలో భద్రత కూడా ఖర్చు పక్కన, వేగం పక్కన ఒక గడి, అంతే. అది నాడి అని వాడికి తోచలేదు.

అలాగని పట్టిక పనికిరానిదని నేననను. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన స్నేహితుడు ప్రీస్ట్లీకి ఉత్తరం రాస్తూ, కాగితం మధ్యన గీత గీసి ఒకవైపు అనుకూలాలు, ఒకవైపు ప్రతికూలాలు రాసుకోమన్నాడు. మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాసుకుంటూ పోయి, సమానంగా తూగేవాటిని రెండు వైపులా కొట్టేసుకుంటూ రమ్మన్నాడు. 1970లలో అమెరికాలో థామస్ సాటీ అనే గణితవేత్త ఇంకో మెట్టు పైకెక్కాడు. అన్నిటికీ ఒకేసారి మార్కులు వెయ్యమంటే మనిషి తికమకపడతాడు, అందుకని రెండేసి విషయాల్నే పక్కపక్కన పెట్టి ఏది ఎంత ముఖ్యమో చెప్పమన్నాడు. చెప్పినవాటిలో ఒక మాటకూ మరో మాటకూ పొంతన ఉందో లేదో కూడా లెక్క తేల్చాడు. బంగారం కన్నా చదువు ముఖ్యమని, చదువు కన్నా ఆరోగ్యం ముఖ్యమని చెప్పి, చివర్లో ఆరోగ్యం కన్నా బంగారమే ముఖ్యమంటే ఆ లెక్కలో దొరికిపోతాం. హెర్బర్ట్ సైమన్ అనే ఆయన మరో దారి చెప్పాడు. ఆయనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నిటికన్నా మంచిది వెతకడానికి మనిషికి ఆయుష్షూ చాలదు, తెలివీ చాలదు, 'ఇది చాలు' అనిపించేది దొరికితే అక్కడ ఆగుతాడు అంటాడాయన. సంబంధాల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన తండ్రులందరికీ ఈ సంగతి నోబెల్ బహుమతి రాకముందే తెలుసు.

ఇన్ని పద్ధతులున్నాయి సరే, ఏ సమస్యకు ఏది వాడాలి? అసలు చిక్కు అక్కడే. కత్తిపీటతో కొబ్బరికాయ కొట్టబోతే కాయా పగలదు, కత్తిపీటా మిగలదు.

మర్నాడు వాణ్ణి ధవళేశ్వరం తీసుకెళ్ళాను. ఈ గట్టు మీద పుట్టినవాళ్ళం, సందేహం వస్తే గోదారి దగ్గరికే కదా వెళ్ళేది.

ఇప్పుడక్కడ ఉన్నది 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, 175 గేట్లు. దానికి ముందు అక్కడ కాటన్ దొర ఆనకట్ట ఉండేది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టారు. అంతకు ముందు మన డెల్టా ఎలా ఉండేదో ఈనాటి పచ్చదనం చూసినవాళ్ళు నమ్మలేరు. 1830లలో కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే నిండుగా పారే నది, గట్టు మీద ఆకలి.

అలాంటప్పుడు ఆయన ఏ పద్ధతిలో ఆలోచించాడు? గళ్ళపట్టిక వెయ్యడానికి కావలసిన అంకెలే లేవు. ఆయన చేసింది, నన్నడిగితే, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే. ఇంతకుముందు ఇలాంటిది ఎవరు చేశారో, వాళ్ళకెలా కుదిరిందో చూశాడు. కావేరి మీద, కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై ఉంది. పునాదికి రాయి తగలకపోయినా, ఇసుకలో బండలు దింపుతూ, అవి కుంగితే పైన మళ్ళీ వేస్తూ, ఇక కుంగనంతవరకూ నింపి కట్టే నేర్పు ఆ పాత పనివాళ్ళది. కాటన్ ఆ విద్య అక్కడ నేర్చుకున్నాడు. 1836లో కొళ్ళిడం మీద తానే ఆనకట్టలు కట్టి చూసుకున్నాడు. ఆ తర్వాతే, తంజావూరులో జరిగింది ఇక్కడ ఎందుకు జరగదని సర్కారును అడిగాడు.

ఇంకో విశేషం. నది ఇరుగ్గా ఉన్నచోట కడితే గోడ పొడుగు తగ్గుతుంది, ఖర్చు కలిసొస్తుందని ఎవరికైనా తోస్తుంది. ఆయన మటుకు లంకలతో కలిపి నాలుగు మైళ్ళ వెడల్పున్న ధవళేశ్వరాన్ని ఎంచుకున్నాడు. వెడల్పున్నచోట నీటి లోతు తక్కువ, ఉరవడి తక్కువ. మధ్యలో లంకలు పనివాళ్ళకు మెట్టనేలగా ఉపయోగపడతాయి. రాయి పక్కనే ధవళేశ్వరం కొండలో ఉంది. 12 అడుగుల ఎత్తు గోడ, ఇసుకలో దింపిన బావుల వరస, దిగువన పరిచిన పెద్ద బండలు. కూలీలను కూడగట్టి పని నడిపించడంలో మన వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజం. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, అది దిద్దుకోవడానికి వీలున్న కట్టడం. బండ జారితే మళ్ళీ వెయ్యొచ్చు. ఎత్తు చాలకపోతే పెంచొచ్చు, తర్వాత తర్వాత పెంచారు కూడా.

"అంటే, తప్పు జరిగినా సర్దుకునే వీలుంచుకుని కట్టాడన్నమాట" అన్నాడు మావాడు రెయిలింగు పట్టుకుని నీళ్ళు చూస్తూ.

"మీ అమ్మమ్మ ఆవకాయ పెట్టినట్టు" అన్నాను.

నిజమే కదండీ. ఉప్మాలో ఉప్పు చాలకపోతే అప్పటికప్పుడు వేస్తాం, దానికి పెద్ద ఆలోచనెందుకు? ఆవకాయ అలా కాదు. కాయ దగ్గర్నుంచి నూనె దాకా వెయ్యి జాగ్రత్తలు, ఎందుకంటే ఏడాదంతా తినాలి. అయినా దానికీ మూడోనాడు తిరగ కలిపి ఉప్పు చూసుకునే గడువు పెట్టారు పెద్దవాళ్ళు. నిర్ణయం ఎదురైనప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఏ పద్ధతి గొప్పదని కాదేమో. ఇది ఉప్మానా, ఆవకాయా, దీనికి మూడోనాడు ఉందా అన్నది ముందు చూసుకోవాలేమో. ఆసుపత్రి ప్రోగ్రామును ఒక్కో భాగంగా మారిస్తే ప్రతి భాగానికీ ఒక మూడోనాడు ఉంటుంది. ఒక్క రాత్రిలో మొత్తం మారిస్తే ఉండదు. 78కీ 74కీ మధ్యనున్న ఆ నాలుగు మార్కులు ఈ సంగతి చెప్పలేదు.

ఇక రెండో ప్రశ్న ఇంకా ఇబ్బందికరమైనది. బరువులు కట్టేదెవరు? ఎగువన పోలవరం దగ్గర ఇప్పుడు పెద్ద ఆనకట్ట కడుతున్నారు. దానివల్ల కలిగే లాభం లాభమే, కాదనను, ఈ కాలువల నీళ్ళు తాగి పెరిగినదాన్ని. కాని దానికోసం లక్షకు పైగా కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు ఎంతోమంది. కొండ దిగిపోయే మనిషికి తన ఊరు ఎన్ని మార్కులో, ఆ ఊరిని కాగితం మీద చూసే మనిషికీ అన్నే మార్కులా? 1973లో రిట్టెల్, వెబర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఇలాంటి మొండి సమస్యల గురించి రాస్తూ, వీటిలో పొరపాటు చేసే హక్కు ప్రణాళిక వేసేవాడికి లేదన్నారు. వాడు చేసే పొరపాటును ఇంకెవరో జీవితమంతా మొయ్యాలి గనక. నష్టపోయేవాళ్ళను అడక్కుండా వేసిన మార్కుల్ని ఎంత జాగ్రత్తగా కూడినా అది న్యాయం కాదు. లెక్క తప్పు లేదని చెప్పుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఇప్పుడు నా నవ్వెందుకు ఆగిందో చెప్పాలి.

నాన్నగారు పోయాక, అమ్మ ఎక్కడుండాలని అక్కా, అన్నయ్యా, నేనూ కూర్చుని ఆలోచించాం. అన్నయ్య బ్యాంకు ఉద్యోగి, కాగితం మీద గీతలు గీశాడు. డాక్టరు, మెట్లు, ఒంటరితనం, వంట, ఖర్చు. హైదరాబాదులో అన్నయ్య ఇల్లా, రాజమండ్రిలో సొంత ఇల్లా? ఒంటరితనానికి ఎక్కువ మార్కులు పెట్టాలని పట్టుబట్టింది నేనే. అమ్మ మీద ప్రేమతోనే అన్నానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నిజమేమిటంటే, అమ్మ ఇక్కడే ఉంటే ఊళ్ళో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. రోజుకు రెండుసార్లు వెళ్ళి చూడాలి. అప్పుడు నా సీరియల్ నడుస్తోంది, వారం వారం ప్రెస్సుకు పంపాలి. మావాడు వేగానికి బరువు పెంచినట్టు, నేను ఒంటరితనానికి పెంచాను. వాడు పిన్నితోనైనా ఒప్పుకున్నాడు. నేను నాతోనే ఒప్పుకోలేదు.

ఆ కాగితంలో పొద్దున్నే గోదారి రేవుకు వెళ్ళడానికి గడి లేదు. పక్కింటి పార్వతమ్మ గారితో గోడ మీంచి మాట్లాడే మాటలకు గడి లేదు. అన్నిటికన్నా ముందు, అమ్మ ఏమంటుందన్నదానికే గడి లేదు. మూడు నెలలు చూద్దామని పంపాం, మూడేళ్ళయింది. పైగా ఈ పండక్కి అన్నయ్య ఫోను చేసి, ఆ ఇల్లు అమ్మేద్దామా అన్నాడు. వదిన చేసేదాన్లో లోటేమీ లేదు. కాని ఇల్లమ్మితే ఇక మూడోనాడు లేదు.

ధవళేశ్వరం నుంచి వచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీశాను. తర్వాత అడిగాను, "అమ్మా, నీకెక్కడ ఉండాలనుంది?"

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. మూడేళ్ళ నుంచీ ఎవరూ అడగని మాట కదా, వెంటనే 'ఇక్కడే' అంటుందనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా అప్పుడే మనసులో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను, చూడండి నా బుద్ధి.

"ఇన్నాళ్ళకు అడిగావు" అంది. "మీరు మీకు కావలసినంత సేపు ఆలోచించుకున్నారు. నాక్కూడా నాలుగు రోజులు గడువియ్యి."

ఇచ్చాను. మావాడు సెలవు పొడిగించుకున్నాడు. ఆసుపత్రి వాళ్ళకు ఫోను చేసి, మందులు పంచే నర్సులను కూడా మాట్లాడటానికి పిలవమన్నాడట. ఈ వ్యాసం రాస్తున్న ఇవాళ్టికి మూడో రోజు. ఇల్లు అమ్మే మాట ఇప్పట్లో ఎత్తవద్దని అన్నయ్యకు చెప్పాను. అమ్మ ఇంకా ఏమీ అనలేదు. పొద్దున్న మటుకు, ఆ పాత ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టావే అని అడిగింది.