జూన్ పేపరుకు పెద్దమ్మ మాట

చిన్నా,

టెక్స్ట్‌బుక్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. ఆపెయ్ నాన్నా. డిజైన్ అండ్ టెక్నాలజీని అలా చదివితే రెండు వారాలైనా కాగితం, అట్టల దగ్గరే ఉంటావు. చెక్క దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఇంగ్లండులో ఇన్నేళ్ళుగా ఈ సబ్జెక్టే చెబుతున్నదాన్ని, కాస్త నా మాట విను.

నువ్వు చేసిన టేబుల్ ల్యాంపు, దాని ఫోల్డరు సంగతి ఇక మర్చిపో. జీసీఎస్‌ఈ మార్కుల్లో సగం వాటివే, మీ టీచరు దిద్ది బోర్డుకు పంపేశారు. ఆ జాయింటు ఇంకాస్త బిగువుగా రావాల్సిందని ఇప్పుడు బెంగపెట్టుకుని లాభం లేదు. మిగతా సగం జూన్‌లో రాసే పేపరుది. మీది ఏక్యూఏ బోర్డు కాబట్టి రెండు గంటలు, 100 మార్కులు. ఏ సెక్షన్‌కి 20, బీకి 30, సీకి 50. ఏలో టిక్కులు పెట్టే ప్రశ్నలుంటాయి, సులువుగా ఉంటుందని పిల్లలంతా దాన్నే తిరగేస్తుంటారు. యాభై మార్కుల సీని పరీక్ష ముందు రాత్రికి వదిలేస్తారు. నువ్వు మాత్రం నీకున్న టైములో సగం సీకే ఇవ్వు.

మధ్యలో మ్యాథ్స్, సైన్స్ పేపర్లున్నాయని నాకూ తెలుసు. అందుకే రోజుకు రెండు గంటలని గోడకు టైంటేబుల్ అంటించకు. మూడోరోజుకే తప్పుతుంది, ఆ తర్వాత నువ్వు ఆ గోడ వైపే చూడవు. వారానికో పాత పేపరు చాలు. ఈ సిలబస్‌కి మొదటి పరీక్ష 2019లో జరిగింది, అప్పటినుంచీ పేపర్లు, మార్క్ స్కీములు దొరుకుతాయి. ఒక సాయంత్రం ఏ, బీ కలిపి గంటలో రాసెయ్, ఇంకో సాయంత్రం సీ ఒక్కటే గంట. మే నెలాఖరు హాఫ్ టర్మ్ సెలవుల్లో మాత్రం ఒకసారి రెండు గంటలూ కదలకుండా కూర్చుని రాయి.

రాయడం కన్నా దిద్దుకోవడం మీద ఎక్కువసేపు గడుపు. ఈ సబ్జెక్టు గుట్టంతా మార్క్ స్కీములోనే ఉంది. మీ వంటింట్లో ఉన్న మామూలు త్రీ పిన్ ప్లగ్గునే తీసుకో. దాన్ని యూరియా ఫార్మాల్డిహైడ్‌తో ఎందుకు చేస్తారని అడిగారనుకో. ‘బలంగా ఉంటుంది, చవక’ అని రాస్తే దాదాపు ఏమీ రాదు, ఆ మాట బల్లకైనా బకెట్‌కైనా సరిపోతుంది కదా. ‘ఇది థర్మోసెట్టింగ్ పాలిమర్, ఒకసారి గట్టిపడ్డాక వేడికి మళ్ళీ మెత్తబడదు, కాబట్టి ప్లగ్గు వేడెక్కినా ఆకారం మారదు, విద్యుత్తును పోనివ్వదు, కాబట్టి పట్టుకున్నవాళ్ళకు షాక్ కొట్టదు’ అని రాయి. గుణం చెప్పి, ‘కాబట్టి’ అని, అది ఆ వస్తువుకు ఏం చేసిపెడుతుందో చెప్పాలి. చెక్క నీ మెటీరియల్ గనక బీచ్, పైన్, ఓక్, ప్లైవుడ్‌లకు ఇలాంటి వాక్యాలు నీ సొంతంగా రాసిపెట్టుకో. (బాల్సా గోరుతో గిల్లితే గుంటపడేంత మెత్తన, అయినా అది హార్డ్‌వుడ్డే! ఆ పేరు చెట్టు జాతిని బట్టి వచ్చింది, గట్టిదనాన్ని బట్టి కాదు.)

పేపర్లో కనీసం 15 శాతం లెక్కలే. క్యాలిక్యులేటర్ తీసి ఇది చెయ్యి. 600 మి.మీ. పొడవు, 400 మి.మీ. వెడల్పున్న ప్లైవుడ్ షీటులోంచి 100 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి బిళ్ళలు వరసగా కోస్తే 24 వస్తాయి. రంపపు గాటు మందం వదిలెయ్. ఒక్కో బిళ్ళ వైశాల్యం 7,854 చదరపు మి.మీ. అన్నీ కలిపి, షీటు వైశాల్యం 2,40,000లోంచి తీసేస్తే 51,504 వృథా, అంటే 21.5 శాతం. అదే షీటులోంచి 200 మి.మీ. బిళ్ళలు ఆరే వస్తాయి, వృథా మాత్రం మళ్ళీ 21.5 శాతమే! ప్రతి బిళ్ళా ఒక చతురస్రంలోంచే వస్తోంది మరి. ఇలాంటిది ఒకసారి చేత్తో వేసి చూసినవాడికి వృథా లెక్కంటే భయం ఉండదు.

లీవర్లకు పుస్తకం అక్కర్లేదు, అమ్మమ్మ సామాన్ల డ్రాయరు తెరువు. వేడి గిన్నె దించే పట్టకారుకు ఇరుసు మధ్యలో ఉంది, అది ఫస్ట్ ఆర్డర్. అడకత్తెరలో వక్క మధ్యన, ఇరుసు చివర, అది సెకండ్. చపాతీలు తిప్పే చిమటాలో మన వేళ్ళు మధ్యన నొక్కుతాయి, అది థర్డ్. గేర్లు ఇంకా తేలిక: 20 పళ్ళది 60 పళ్ళదాన్ని తిప్పితే వేగం మూడోవంతవుతుంది, మధ్యలో ఐడ్లర్ పెడితే తిరిగే దిశ తప్ప ఇంకేమీ మారదు.

డిజైనర్ల పేర్లన్నీ బట్టీ పట్టకు. ఇద్దర్ని ఎంచుకుని, వాళ్ళు విప్పిన చిక్కేమిటో తెలుసుకో. హ్యారీ బెక్ లండన్ ట్యూబ్ మ్యాపు 1933లో అచ్చయింది. స్టేషన్ల మధ్య అసలు దూరాలు పక్కనపెట్టి, గీతలన్నీ నిలువుగా, అడ్డంగా, 45 డిగ్రీల ఏటవాలుగా గీశాడు. రైలెక్కేవాడికి ఎక్కడ మారాలో తెలిస్తే చాలునని ఆయన ఆలోచన. ఇసిగోనిస్ 1959 మినీ కారులో ఇంజను అడ్డంగా తిప్పి పెట్టి, చిన్న కారులోనే నలుగురికి చోటు చేశాడు. ఈ రెండూ ఏ ప్రశ్నకైనా పనికొస్తాయి.

బొమ్మ గీయమంటే అందంగా రాదని జంకకు. అందానికి మార్కుల్లేవు. ఏ భాగం దేనితో చేశావో, ఎలా అతికించావో పక్కన రాసినదానికే మార్కులు.

మొదటి పాత పేపరు రాయగానే, దిద్దకముందే ఫొటో తీసి నాకు పంపు. నువ్వూ దిద్దు, నేనూ దిద్దుతాను. ఎక్కడ తేడా వస్తుందో శనివారం ఫోన్‌లో చూద్దాం.

మీ పెద్దమ్మ