పేరుపెట్టి పిలుచుట

శ్రోతలారా, రువాండా దేశపు రాజధాని కిగాలీయందు, గిసోజీ స్మారకస్థలమున ప్రతి యేటను ఏప్రిల్ 7న జ్యోతి వెలిగింతురు. 1994లో ఇదే తేదీన ఆరంభమై, రమారమి నూరు దినములు సాగిన జాతిసంహారమున అసువులు బాసిన లక్షలాది టుట్సీ తెగవారిని ఆ దేశము ఏటేట నూరు దినములు స్మరించును.

ఆ ఘోరమునకు రేడియో కూడ ఆయుధమైనదని మైకు ముందు కూర్చుండి చెప్పుటకు నా మనస్సు కలుక్కుమనుచున్నది. పొరుగువారిని బొద్దింకలని నిందించి, కొందరి పేర్లను, ఉనికిని సైతము చదివి, హంతకులకు దారి చూపినది ఒక రేడియో కేంద్రమే. నాడు పేరు వేటకు గుఱి. నేడు పేరే స్మరణ.

సంధ్యవేళ వాకిట నిలిచి, ఆటలో మైమఱచిన బిడ్డను తల్లి పేరుపెట్టి పిలుచునట్లు, ఆ మృతుల నొక్కొక్కరిని పిలువవలెను. లక్షలని కాదు, ఒక్కొక్కరిని, పేరుపెట్టి. రువాండాలోని న్యామాటా చర్చియందు, ప్రాణభీతితో చేరి హతులైన టుట్సీల వస్త్రములు నేటికిని బల్లలపై నున్నవి. ఆ వస్త్రములు తొడిగినవారికి పేర్లుండెను.

గిసోజీయందు మృతుల పేర్లు చెక్కిన గోడ యొకటి కలదు. కుటుంబములకు కుటుంబములే నశించుటచే, పేరు చెప్పు బంధువైనను మిగులని వారెందరో కలరు. కావుననే ఆ గోడ యింకను పూర్తికాలేదు.