తీసేసినవాటి లెక్క

కోవిల్పట్టికీ శివకాశికీ నడుమ, నల్లరేగడి నేలమీద ఏళాయిరంపన్నై అని ఒక ఊరుంది. ఒకప్పుడు పాళెగాళ్ళ ఊరు. ఇప్పుడు చుట్టూ తీప్పెట్టి ఆఫీసులు, పటాసు ఆఫీసులు, అంటే అగ్గిపెట్టెల, టపాకాయల కార్ఖానాలు. ఆ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో లోపల తెలుగు, గడప దాటితే తమిళం. అలాంటి ఒక ఇంట్లో ఒక కొడుకు, అగ్గిపెట్టెల మీద నాలుగు డబ్బులు వెనకేశాడు. తల్లికి కాశీ చూడాలని కోరిక. రైలెక్కదు, హోటలు తిండి ముట్టదు. తమ పెద్దలు ఉత్తరాన్నుంచి దిగివచ్చారన్న కథలు వింటూ పెరిగిన మనిషి కాబట్టి, ఆ తెలుగు సీమ మీదుగానే పోవాలని ఇంకో కోరిక. సరే, డీజిల్ వ్యాను ఒకటి కొని పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి అన్నీ అందులోనే అమర్చుకుని పోదామనుకున్నాడు కొడుకు.

ఏ బండి కొనాలి? అమ్మేవాళ్ళను అడిగితే అన్నీ మంచివే. అందుకని ఇప్పటికే అలాంటి బండ్లు పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళను వెతుక్కుంటూ పోయాడు.

మదురైలో ఒకాయనది కొత్త బండి, బీఎస్6. లోపల ఏసీ, టీవీ, ఫ్రిజ్, షవరు. “కళ్ళు మూసుకుని కొనేయ్ తమ్ముడూ, దీన్ని మించింది లేదు” అన్నాడాయన. కాఫీ కూడా బండిలోనే కాచి ఇచ్చాడు.

రాజపాళయంలో ఒకాయనది పాత టెంపో ట్రావెలర్. ఆయన గంటసేపు తిట్టాడు. ఇంజను రొదకు పక్కనున్నవాడి మాట వినబడదట. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వెనక లారీలు హారన్లు కొడతాయట. ఎండాకాలం లోపల ఉడికిపోతుందట. “నా మాట విని ఆ డబ్బుతో పొలం కొనుక్కో” అని పంపించేశాడు.

ఇంటికొచ్చి మేనమామ ముందు కూర్చున్నాడు. ఆ మామ శివకాశి నుంచి ఉత్తరాదికి కేలండర్లూ పటాసులూ తోలి తోలి రిటైరైన లారీ డ్రైవరు.

“ఒకడు కొనమంటాడు, ఒకడు వద్దంటాడు. ఏం చేసేది మామా?”

“నువ్వు అడిగిందే సరిలేదు అల్లుడూ. బండి ఎట్ల ఉండాదని అడిగితే, పెట్టిన డబ్బు మాట్లాడతాది. మళ్ళీ పో. కొన్నాక ఏమేం పీకేసినావు, ఏమేం మార్చినావు, అది మాత్రం అడిగిరా.”

మదురై ఆయన ఈసారి కాఫీ కాచలేదు. షవరు గది తలుపు తీసి చూపించాడు. నిండా సూట్‌కేసులు, బియ్యం మూటలు. బండి వెనక చివర 300 లీటర్ల తొట్టి పెట్టించాడట. అంటే తోక మీద 300 కిలోలు. స్టీరింగు తేలిపోతుంటే భయమేసి తీసేశాడు. రాత్రంతా ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి పడుకునేవాడట. బీఎస్6 డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. హైవే మీద గట్టిగా నడిచి పొగ బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. నిలబడి గురగురలాడే ఇంజను అంత వేడి ఇవ్వదు. ఫిల్టరు పూడుకుపోయి, బండి బలం తగ్గించుకుని మూలుగుతూ నడిచింది. ఆ తర్వాత ఏసీ కోసం లిథియం బ్యాటరీ పెట్టించాడు. మెకానిక్ దాన్ని నేరుగా ఆల్టర్నేటరుకు కలిపేశాడు. లిథియం బ్యాటరీ కరెంటును ఎంత దొరికితే అంత లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటరుకు తన ఫ్యాను గాలి చాలదు. నాగపూర్ దగ్గర అది కాలిపోయింది. కరెంటుకు కళ్ళెం వేసే డీసీ-డీసీ చార్జరు ఒకటి మధ్యలో ఉండాలని అప్పుడు తెలిసింది.

“ఇంత జరిగినా బండి మంచిదన్నావే అన్నా!”

“పోసిన డబ్బు అట్లాంటిది తమ్ముడూ” అన్నాడాయన, నవ్వకుండా.

రాజపాళయం ఆయన చాలాసేపు ఆలోచించాడు. “పీకేదానికి ఏముండాది దీంట్లో?” ఆఖరికి ఒక్కటి గుర్తొచ్చింది. ట్యూబులర్ బ్యాటరీలు మొదట పడక కింద ఉండేవి. చార్జింగ్ ఎక్కేటప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వస్తుందని బయట పెట్టెలోకి మార్చాడు. గ్యాస్ సిలిండరుకు మొదట్నుంచీ వేరే అర, దాని అడుగున గాలి పోయే కంతలు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. పటాసు ఆఫీసుల్లో గదికీ గదికీ ఎడం ఎందుకు వదులుతారో చూస్తూ పెరిగిన సీమ మనిషికి ఇది ఒకరు నేర్పాలా? ఏసీ లేదు, కిటికీలకు దోమతెరలు, రెండు ఫ్యాన్లు. కాశీ పోయివచ్చాడు, ద్వారక పోయివచ్చాడు. దారిలో ఏ ఊరి మెకానిక్ అయినా ఆ ఇంజను మీద చెయ్యి వేశాడు. మెర్సిడెస్ వంశపు ఆ పాత ఇంజను మన రోడ్ల మీద దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది మరి.

“అయితే దీన్ని నాకు అమ్ముతారా అన్నా?”

“అమ్మేదా? ఏమిట్కి?” ఆయనకు నిజంగానే కోపం వచ్చింది.

అల్లుడు అదే రకం బండి ఇంకొకరి దగ్గర చూసుకుని కొన్నాడు. కొన్న మర్నాడే ఏసీ, రంగు దీపాలు, సోఫా అని కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. మామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండిని లారీ కాటాకు తీసుకుపోయాడు. ముందు ఖాళీ బండి తూచారు. తర్వాత తల్లి, భార్య, పిల్లలు, నిండు నీళ్ళు, బియ్యం, తల్లి వదలనన్న గ్రైండరు, అన్నీ ఎక్కించి ముందు చక్రాలు వేరుగా, వెనక చక్రాలు వేరుగా తూచారు. వెనక బరువు టైర్ల మీద రాసిన పరిమితిని దాటిపోయింది.

“మన పెద్దోళ్ళు ఆడి నెల కడపటి శుక్రవారానికి గూడుబండి కట్టుకుని ఇరుక్కన్‌కుడి మారియమ్మ దగ్గరికి పోయేవాళ్ళు. సామాను ఇరుసు వెనక వేస్తే ఏమయ్యేది? కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేది. ఈడా అంతే. వెనక చక్రాలు దాటి బరువేస్తే ముందు చక్రాలు తేలికైపోతాయి. అప్పుడు స్టీరింగు నీ మాట వినదు” అన్నాడు మామ.

నీళ్ళ తొట్టి రెండు ఇరుసుల నడుమకు వచ్చింది, పరిమాణమూ తగ్గింది. మొదటి డబ్బు టైర్లకు పోయింది. పాత టైర్ల మీద గాట్లు బాగానే ఉన్నా, పక్కన అచ్చువేసిన నాలుగంకెలు, అంటే తయారైన వారమూ సంవత్సరమూ చూసి మామ పెదవి విరిచాడు. తర్వాత బ్రేకులు, ఆ తర్వాత పడకలు, ఫ్యాన్లు. ఏసీ వంతు రాలేదు.

మొదటి ప్రయాణం కాశీకి కాదు, ఇరుక్కన్‌కుడికే. సాత్తూరు పక్కనే. జాతర లేని రోజులు చూసుకుని, గుడి దగ్గరే రెండు రాత్రులు బండిలో పడుకున్నారు. అర్ధరాత్రి కిందికి దిగబోయి మెట్టు అందక తల్లి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏ షోరూమూ చెప్పని సంగతి అది. మర్నాడు ఇంకో మెట్టు వెల్డింగ్ చేయించారు. గ్రైండరును తల్లే తిరిగి ఇంటికి పంపించేసింది. పిండి పక్క ఊళ్ళో దొరుకుతుందట. వర్షాలు వెనకబట్టాక 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి పోయారు.

ఇందులో నీతి: బండి గలవాడి పొగడ్తా తిట్టూ రెండూ పక్కన పెట్టి, కొన్నాక అతను ఏం విప్పి పారేశాడో, ఏం మార్చుకున్నాడో చూసి కొనాలి, కొన్నాక కూడా, ఏదైనా చేర్చడానికి ముందు బరువు తూచాలి.

ఈ నీతికి ఒక హద్దు ఉంది. ఏమీ మార్చని బండి అంతా మంచిదే కానక్కర్లేదు, యజమాని బద్ధకస్తుడూ కావచ్చు. అందుకే ఎంత తిరిగాడో కూడా అడగాలి. షెడ్డులో నిలబెట్టినవాడి అనుభవం షెడ్డుకే పనికొస్తుంది. పైగా ఒకరి అవసరం ఇంకొకరికి సరిపోదు. 1982లో పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు జనంలోకి పోవడానికి ఎంచుకున్నది పాత షెవర్లే వ్యాను. దాన్ని చైతన్యరథంగా మార్పించారు. కొడుకు హరికృష్ణ నడిపితే, ఆయన పైకెక్కి మాట్లాడారు. స్నానం, తిండి దారిపక్కనే. ఆ బండికి కావలసింది పైన నిలబడే చోటు. ముసలి తల్లిని కాశీకి తీసుకుపోయే బండికి కావలసింది కింద ఇంకో మెట్టు.

మార్పులు చేయించేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపం మారిస్తే ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఎక్కించాలి. పడకలూ తొట్లూ పెట్టిన వ్యాను ఆర్సీలో ఇంకా మామూలు వ్యానుగానే ఉంటే, రేపు ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే. పాత బండి కొనేవాడు ఇంజను చప్పుడు వినడానికి ముందే ఆర్సీ చూడటం మంచిది. నిండు సామానుతో తూచిన కాటా చీటీ ఉందా అనీ అడగొచ్చు. చాలామంది దగ్గర ఉండదు. అప్పుడు బండిని దగ్గర్లో ఉన్న కాటాకు తోలమనాలి; అక్కడ అయ్యే ఖర్చు ఒక టైరు ధరలో చిన్న వంతే.